ఒక్క ‘కన్సర్న్డ్’ కోసం ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ తెరిస్తే

బెంగళూరు మారతహళ్లి దగ్గర ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌లో అసోసియేషన్ ఆఫీసు పని నాది. సొంతూరు మదనపల్లె. నీళ్ల ట్యాంకర్లు, లిఫ్టు రిపేర్లు, పార్కింగ్ తగాదాలు, దేనికైనా ఇంగ్లిష్ మెయిలే. ఇలాంటి ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఏ డిక్షనరీ కొనాలని అడిగితే ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ కొనమంటాను. ముఖ్యంగా విశేషణాల కోసం. ఎందుకో ఒకే ఒక్క మాట పట్టుకుని చెప్తాను: కన్సర్న్డ్.

ఆఫీసులో నాతోపాటు ములబాగిలు పిల్లోడు ఒకడు పనిచేస్తున్నాడు. వచ్చిన మెయిళ్లు ముందు వాడే చదువుతాడు. ఒకదాంట్లో ‘ఐ యామ్ కన్సర్న్డ్ అబౌట్ ది లిఫ్ట్’ అని ఉంది. ఇంకోదాంట్లో ‘ది కన్సర్న్డ్ పర్సన్ షుడ్ రిప్లై’. మరోదాంట్లో ‘యాజ్ ఫార్ యాజ్ పార్కింగ్ ఈజ్ కన్సర్న్డ్’. “అన్నా, మూడు చోట్లా ఇది ఒకటే మాటేనా?” అని అడిగాడు. వాడి దగ్గరున్న చిన్న ఇంగ్లిష్-తెలుగు నిఘంటువులో ‘సంబంధించిన, ఆందోళన చెందిన’ అని ఉంది. రెండర్థాలూ కరెక్టే. ఏది ఎక్కడ పనికొస్తుందో మాత్రం అందులో లేదు.

ఆక్స్‌ఫర్డ్‌లో విశేషణంగా ‘కన్సర్న్డ్’ తీస్తే మొదట కనిపించేది దిగులు, ఆందోళన అనే అర్థమే. దాని వెంటే, ఈ మాట పక్కన ఏవి చేరతాయో బొద్దు అక్షరాల్లో ఉంటుంది. అసలు విలువంతా అక్కడే. ‘అబౌట్’ చేరితే ఒక విషయం గురించిన దిగులు: లిఫ్టు, నీళ్లు, కరెంటు. ‘ఫర్’ చేరితే ఎక్కువగా మనిషి క్షేమం గురించి: ఎనిమిదో అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దావిడ ఫోన్ ఎత్తకపోతే పక్కింటివాళ్లు ‘కన్సర్న్డ్ ఫర్ హర్ సేఫ్టీ’ అని రాస్తారు. ‘విత్’ వస్తే చాలాసార్లు దిగులే ఉండదు. ‘ది సెకండ్ పేజ్ ఈజ్ కన్సర్న్డ్ విత్ మెయింటెనెన్స్ చార్జెస్’ అంటే రెండో పేజీ మెయింటెనెన్స్ చార్జీల గురించి అని, అంతే.

మరి ‘సంబంధించిన’ అనే అర్థం ఏమైంది? ఇక్కడ కొంచెం ఓపిక కావాలి. దానికోసం పైనున్న ‘కన్సర్న్’ అనే క్రియ దగ్గరికి వెళ్లాలి. ‘ఆల్ కన్సర్న్డ్’ (సంబంధం ఉన్నవాళ్లందరూ) లాంటి వాడుకలూ, మా పిల్లోడు అడిగిన పార్కింగ్ వాక్యం (‘పార్కింగ్ విషయానికొస్తే’ అని) లాంటివీ అక్కడే ఉంటాయి. విశేషణం చూసి పుస్తకం మూసేస్తే సగమే తెలుస్తుంది. పక్కపక్కనున్న రెండు ఎంట్రీలూ కలిపి చదవాలని కొత్తగా కొన్నవాళ్లకు గట్టిగా చెప్తాను.

ఇక మాట ఉండే చోటు. తెలుగులో విశేషణం నామవాచకం ముందుంటుంది. వెనక్కి వెళ్తే చాలాసార్లు రూపం మారిపోతుంది: ‘మంచి మనిషి’, ‘ఆ మనిషి మంచివాడు’. ఇంగ్లిష్‌లో కొన్ని మాటలకు రూపం అదే ఉంటుంది, చోటు మారితే అర్థమే మారుతుంది. ‘కన్సర్న్డ్ ఓనర్స్’ అంటే దిగులుపడుతున్న ఓనర్లు. ‘ఓనర్స్ కన్సర్న్డ్’ అంటే ఆ విషయంతో సంబంధం ఉన్న ఓనర్లు. మన దేశమంతా ఆఫీసుల్లో ‘కన్సర్న్డ్ ఆఫీసర్’ అనే రాస్తారు, చదివేవాళ్లకు అర్థమవుతుంది. దాన్ని నేను తప్పనను. కానీ మా దగ్గర ఫ్లాటు ఇక్కడా మనిషి లండన్‌లోనూ ఉన్న ఓనర్లున్నారు. లీకేజీ ఖర్చు గురించి ‘కన్సర్న్డ్ ఓనర్స్ షుడ్ పే’ అని నోటీసు వెళ్తే, దిగులున్నవాళ్లు కట్టుకోవాలన్నట్టు అక్కడ చదువుకోవచ్చు. డబ్బు దగ్గర అలాంటి సందేహానికి తావు ఉండకూడదు. అందుకే మా నోటీసుల్లో ‘ఓనర్స్ కన్సర్న్డ్’ అనే రాస్తాం.

ఇదొక్కటే కాదు. మీటింగ్ మినిట్స్‌లో ‘మెంబర్స్ ప్రెజెంట్’ అంటే ఆ రోజు హాజరైనవాళ్లు, ‘ప్రెజెంట్ మెంబర్స్’ అంటే ఇప్పుడు సభ్యులుగా ఉన్నవాళ్లు. కోరం, అంటే మీటింగ్ చెల్లడానికి కనీసం ఎంతమంది ఉండాలన్న లెక్క, తేలాలంటే ఈ తేడా తెలియాల్సిందే. డిక్షనరీలో ‘ఇప్పటి’ అనే అర్థానికి ‘ఓన్లీ బిఫోర్ నౌన్’ అనీ, ‘హాజరు’ అనే అర్థానికి ‘నాట్ బిఫోర్ నౌన్’ అనీ బ్రాకెట్లలో గుర్తు ఉంటుంది. చిన్న అక్షరాలు కాబట్టి కన్ను దాటేసి వెళ్తుంది. ‘రెస్పాన్సిబుల్ పర్సన్’ నమ్మదగిన మనిషి. ‘ది పర్సన్ రెస్పాన్సిబుల్’ ఆ పనికి జవాబు చెప్పాల్సిన మనిషి. చెత్త ఎవరు పడేశారన్న గొడవలో ఈ రెండూ తారుమారైతే ఏమవుతుందో అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఈ పుస్తకం ఇంత విడమరిచి చెప్పడానికి కారణం అది పుట్టిన తీరు. ఎ.ఎస్. హార్న్‌బీ జపాన్‌లో ఇంగ్లిష్ చెప్పిన మాస్టారు. ఆయనా, మరో ఇద్దరూ కలిసి తయారుచేసిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. 1948లో దాన్నే ఆక్స్‌ఫర్డ్ వాళ్లు మళ్లీ వేశారు. అంటే మొదటి నుంచీ ఇది ఇంగ్లిష్ ఇంట్లో మాట్లాడనివాళ్ల కోసం రాసిందే. అర్థాలు కూడా తేలిక మాటల్లోనే ఇస్తారు. ఒక అర్థం వెతకబోయి ఇంకో నాలుగు మాటల దగ్గర చిక్కుకుపోయే బాధ తక్కువ.

పలికే తీరు పుస్తకంలో గుర్తులతో ఉంటుంది, అవి నేర్చుకోవడానికి టైం పడుతుంది. ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ వెబ్‌సైట్‌లో బ్రిటిష్, అమెరికన్ ఉచ్చారణలు రెండూ ఉచితంగా వినొచ్చు. ‘కన్’ తేలికగా, ‘సర్న్డ్’ నొక్కి పలకాలని ఒకసారి వింటే పట్టుబడుతుంది.

ఇంగ్లిష్ ఇప్పుడే మొదలుపెట్టినవాళ్లకు మాత్రం ఇది పెద్ద బరువు. వాళ్లు తెలుగు అర్థాలున్న నిఘంటువుతోనే మొదలుపెట్టాలి. మా పిల్లోడు రెండూ పక్కపక్కన పెట్టుకుంటున్నాడు, అది మంచి పద్ధతి. 10వ ఎడిషన్ 2020లో వచ్చింది. విశేషణాల వాడుక కోసమే అయితే కొంచెం పాత ఎడిషన్ ఉన్నా సరిపోతుంది. ఎంజీ రోడ్ మెట్రో దిగి చర్చ్ స్ట్రీట్‌కు నడిచి వెళ్లండి, బ్లాసమ్ లాంటి పుస్తకాల షాపుల్లో సెకండ్ హ్యాండ్ కాపీల కోసం అడగండి. తీసుకునే ముందు అట్ట కుట్టు గట్టిగా ఉందో లేదో చూసుకోండి. రోజూ తిరగేసే లావు పుస్తకం కదా, ముందు ఊడేది అదే.