అచ్చు పాలిమరా, మామూలు రెజినా? క్వెర్సెటిన్ శుద్ధికి ఏది మేలు?

ఉల్లిపొట్టును ఇథనాల్‌లో నానబెడితే ముదురు రంగు ద్రవం దిగుతుంది. అందులో క్వెర్సెటిన్ అనే యాంటీఆక్సిడెంట్ ఉంటుంది, చక్కెర తగులుకున్న దాని రూపాలుంటాయి, వాటితోపాటు విడి చక్కెరలు, లవణాలు, రంగులూ ఉంటాయి. వీటిలోంచి మనకు కావలసిన క్వెర్సెటిన్‌ను ఏ పాలిమర్‌తో పట్టాలి?

నేనైతే ముందు రెజిన్ డబ్బానే తీస్తాను. స్టైరీన్, డైవినైల్‌బెంజీన్‌తో చేసిన ఈ చిన్న పూసల లోపలంతా రంధ్రాలే. నీటితో అంతగా పొసగని, క్వెర్సెటిన్ లాంటి ఫినాలిక్ అణువులు ఆ గోడలకు అంటుకుంటాయి, చక్కెరలూ లవణాలూ నీళ్లతో వెళ్లిపోతాయి. పూసలు నింపిన గొట్టంలో, అంటే కాలమ్‌లో, పసుపు పట్టీ మెల్లగా కిందికి దిగడం కంటికే కనిపిస్తుంది. తర్వాత 70 శాతం ఇథనాల్ పోస్తే పట్టినదాన్ని చాలావరకు వదిలేస్తుంది. పలచని క్షారంతో, ఆమ్లంతో కడిగితే పూసలు మళ్లీ పనికొస్తాయి.

ఒక్క జాగ్రత్త. క్వెర్సెటిన్ నీళ్లలో సరిగా కరగదు. కాలమ్‌లో పోసేముందు ఇథనాల్ మొత్తం ఆవిరి చేసేస్తే అది వడపోత కాగితం మీదే ఉండిపోతుంది. పాపం రెజిన్‌ను తిట్టుకుంటాం.

రెజిన్ లోపం ఏమిటంటే, ఫినాలిక్‌లన్నిటినీ కట్టగట్టి పట్టేస్తుంది. క్వెర్సెటిన్‌కూ దాన్ని పోలిన కెంఫెరాల్ అనే మరో ఫినాలిక్‌కూ తేడా ఒక్క హైడ్రాక్సిల్ గుంపే. అంత సన్నని తేడా దానికి పెద్దగా పట్టదు.

అచ్చు పాలిమర్ పుట్టింది ఇలాంటి పనికే. ఇందులో క్వెర్సెటిన్‌నే నమూనాగా పెట్టి, దాని చుట్టూ 4-వినైల్‌పిరిడిన్ లాంటి మోనోమర్‌ను (పాలిమర్ గొలుసు కట్టే చిన్న అణువును) చేర్చి, గొలుసులను ఒకదానికొకటి ముడివేసే క్రాస్‌లింకర్‌తో గట్టిపరుస్తారు. నమూనాను కడిగేస్తే దాని ఆకారంలో గుంట మిగులుతుంది. 1972లో గుంటర్ వుల్ఫ్, సర్హాన్ ఈ దారి చూపించారు. వినడానికి తాళం, తాళంచెవి అంత ముచ్చటగా ఉంటుంది.

పనిలో దిగితే అంత ముచ్చటేం కాదు. ఒకసారి మేం ఖాళీ మిథనాల్ పంపి చూస్తే కాంతి శోషణ కొలతలో 370 నానోమీటర్ల దగ్గర చక్కగా క్వెర్సెటిన్ పీక్ వచ్చింది. మొక్క సారం ఒక్క చుక్క కూడా పొయ్యలేదు! పాలిమర్‌లో ఇరుక్కున్న నమూనాయే కొంచెం కొంచెంగా కారుతోంది. మిథనాల్, ఎసిటిక్ ఆమ్లం కలిపి రోజుల తరబడి కడిగినా టెన్షన్ పోలేదు. అందుకే చాలామంది అసలు అణువును కాకుండా దాన్ని పోలిన వేరే అణువును నమూనాగా పెడతారు.

ఇంకో తలనొప్పి నీళ్లు. ఈ గుంటల్లో పట్టు చాలావరకు హైడ్రోజన్ బంధాలదే, నీరు తగిలితే అది సడలిపోతుంది. అసిటోనైట్రైల్ లాంటి ద్రావణిలో బాగా పనిచేసిన పాలిమర్ నీటి సారంలో నీరసపడటం మామూలే. పైగా మంచి గుంటలు కొన్నే కాబట్టి ఎక్కువ సరుకు పట్టదు.

కాబట్టి కావలసింది యాంటీఆక్సిడెంట్ పొడి అయితే రెజిన్ చాలు. క్వెర్సెటిన్ ఒక్కటే విడిగా కావాలంటే, లేదా అతి తక్కువ మోతాదును కొలవాలంటే, అప్పుడు అచ్చు పాలిమర్. అదీ నేరుగా ముడి సారం మీద కాదు: రెజిన్ నుంచి వచ్చిన భాగాన్ని ఆరబెట్టి, సరైన ద్రావణిలో కరిగించాకే. దానికి జతగా నమూనా లేకుండా అదే పాలిమర్ మరొకటి చేసి పక్కన పెట్టుకోవాలి. రెండూ సమానంగా పట్టుకుంటే అచ్చు పడనట్టే.