రైటరా, బ్యాంకు లాయరా, సొంత లాయరా: ఇల్లు కొనేటప్పుడు ఏది మేలు?

తిరుపతిలో ఇల్లు బేరం కుదిరిందంటే చాలు, "లాయరెందుకన్నా దండగ, దస్తావేజులు రాసే రైటరు దగ్గరికి పో, అంతా ఆయనే చూసుకుంటాడు" అనేవాళ్లు నలుగురు తయారవుతారు. కరకంబాడి రోడ్డులో 40 లక్షల ఇల్లు చూసినప్పుడు మేమూ అలాగే పోయాం. మొత్తం ఇంతవుతుందని ఒకే అంకె చెప్పాడు. అందులో ప్రభుత్వానికి ఎంత, మీకెంత అంటే "అదంతా మీకెందుకు సార్" అన్నాడు.

ఎందుకేంటి, కట్టేది మనం కదా. లెక్క కష్టమేం కాదు. మన రాష్ట్రంలో సేల్ డీడ్‌కి స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, కలిపి 7.5. అంటే 40 లక్షలకి 3 లక్షలు. ప్రభుత్వం పెట్టిన మార్కెట్ విలువ అంతకంటే ఎక్కువుంటే దాని మీద కట్టాలి. వేరే మాట అనుకోకపోతే స్టాంపు ఖర్చు కొనేవాళ్లదే. ఇది ఎవరితో రాయించినా తగ్గదు, చలానాలో కనిపిస్తుంది. బేరమాడాల్సింది మిగతా దాని మీదే.

రైటరు చౌక, పని కూడా తొందరగా అవుతుంది. కానీ ఆయన పని రాయడం. పాత దస్తావేజులో ఉన్న హద్దులు, సర్వే నంబరు కొత్తదాంట్లోకి దించుతాడు, ఆ పాతదే తప్పయితే ఆయన్నేమనగలం? మఠం భూములు, దేవస్థానం భూములు ఉన్న ఊరు మనది, మన సర్వే నంబరు ప్రభుత్వ నిషేధిత జాబితాలో (దాన్నే 22ఏ అంటారు) ఉందంటే రిజిస్ట్రేషనే కాదు.

లోన్ తీసుకుంటే బ్యాంకు లాయరు ఎలాగూ చూస్తాడు. ఫీజు మనదే, చూసేది మాత్రం బ్యాంకు డబ్బు భద్రంగా ఉంటుందా అని. పైగా అది జరిగేసరికి మన అడ్వాన్సు అవతలివాళ్ల చేతిలో పడి ఉంటుంది.

అందుకే అడ్వాన్సు ఇవ్వకముందే మేం విడిగా ఒక లాయరమ్మకి చూపించాం. 30 ఏళ్ల ఈసీ, అంటే ఇంటి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా, శుభ్రంగానే ఉంది. అయితే ఈసీలో రిజిస్టరైనవే కనిపిస్తాయి కదా, ఆమె ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెమ్మంది. ఇల్లు అమ్మేవాళ్ల తండ్రి పేరు మీద ఉంది, ఆయన చనిపోయాడు, కొడుకులిద్దరే సంతకం పెడతామన్నారు, తీరా చూస్తే చిత్తూరులో ఒక కూతురుంది! ఆమెకీ సమానవాటా.

లాయరు ఫీజు ఇంత శాతం అంటే మాత్రం ఒప్పుకోకండి, 20 లక్షల ఇంటికైనా 60 లక్షల ఇంటికైనా చదివే కాగితాలు ఇంచుమించు అవే. ఒకే మొత్తం మాట్లాడుకుని, రాతపూర్వక ఒపీనియన్, అగ్రిమెంటు, రిజిస్ట్రేషన్ రోజు రావడం అందులో ఉన్నాయో లేదో ముందే అడగండి.

అమ్మేవాళ్లకైతే ఇంత అక్కర్లేదు, రైటరు చాలు, అగ్రిమెంటు ఒక్కటి లాయరుకి చూపిస్తే సరి. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ (మీ పేరున ముందే కట్టే ఆదాయపు పన్ను) పట్టుకుని ఇస్తారు, అది ఫీజు కాదు, గొడవ పడొద్దు.

మా డీడు చివరికి ఆ రైటరే రాశాడు, లాయరమ్మ దిద్దింది. చిత్తూరు నుంచి ఆ కూతురొచ్చి సంతకం పెట్టేదాకా పది రోజులు ఆగాం.