నెల్లూరు ట్రంకు రోడ్డు స్కానింగ్ షాపు, మిలిటరీ ఆల్బమ్ ఉన్నోళ్ళు ఇది చూసి పోండి

మాది కావలి. మా తాత మద్రాస్ సాపర్స్‌లో (సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే దళం) చేశాడు, రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా పోయినాడు, వచ్చేటప్పుడు ట్యునీషియా నుంచి ఎవరో జర్మన్ సిపాయి ఫోటో ఆల్బమ్ ఒకటి తెచ్చాడు. 1943 మే నెలలో ఆడ జర్మన్ జనరల్ ఫాన్ ఆర్నిమ్ లొంగిపోయింది మన 4వ ఇండియన్ డివిజన్‌కే, ఆ సంగతి చెప్పాలంటే తాత మంచం మీద నుంచి లేచి కూర్చునేవాడు. పేజీలు ఊడిపోతున్నాయని పోయిన నెల ఆల్బమ్‌ని ఈ షాపుకి తీసుకుపోయినా.

64 ఫోటోలు, ఫోటోకి 30 రూపాయలు. అన్నీ 6×9 సెంటీమీటర్ల చిన్న ప్రింట్లు. వాళ్ళు 300 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో ఆ లెక్క, ఎక్కువైతే చిన్నవి కూడా స్పష్టంగా వస్తాయి) చాలన్నారు, నేను 1200 అడిగినా, ఎందుకంటే నాకు కావాల్సింది బండ్ల మడ్‌గార్డుల మీద గోరంత సైజులో ఉండే గుర్తులు, ఆ సిపాయి ఏ యూనిటో చెప్పేది అవే.

మొదటిసారి ఇచ్చిన ఫైళ్ళు చూసి ప్రాణం ఉసూరుమంది. ఒక లారీ మడ్‌గార్డు మీద తెల్లగా ఏదో ఉండాల, అది లేదు. "మచ్చనుకున్నా సార్, క్లీన్ చేసేశా" అన్నాడు కుర్రాడు. ఒరిజినల్ తీసి భూతద్దం కింద చూపించినా, తాటి చెట్టు లాంటి బొమ్మ, మధ్యలో స్వస్తిక్, మన గడప మీద వేసేది కాదు, నాజీలది. అది ఆఫ్రికా కోర్, అంటే ఉత్తర ఆఫ్రికాలో పోరాడిన జర్మన్ సైన్యం గుర్తు తమ్ముడూ అంటే పాపం మొహం చిన్నబుచ్చుకున్నాడు. డబ్బులు అడక్కుండా మొత్తం మళ్ళీ స్కాన్ చేశాడు, ఈసారి ఏ ఫిల్టరూ లేకుండా టిఫ్ ఫైళ్ళు ఇచ్చాడు, అందుకే ఒక్క స్టారే తగ్గిస్తున్నా.

ఆ రెండో స్కాన్ మాత్రం అద్భుతం. నంబర్ ప్లేట్లు చదవొస్తున్నాయి. జర్మన్ బండ్ల నంబరు ముందు డబ్ల్యూ హెచ్ ఉంటే ఆర్మీ, డబ్ల్యూ ఎల్ అంటే ఎయిర్‌ఫోర్స్, డబ్ల్యూ ఎమ్ నేవీ. ఒక ఫిరంగి పక్కన నిలబెట్టిన బండి ఆర్మీదని ఇంట్లో అందరం అనుకునేవాళ్ళం, చూస్తే డబ్ల్యూ ఎల్, విమానాల్ని కూల్చే ఫిరంగులు వాళ్ళ దగ్గర చాలావరకు ఎయిర్‌ఫోర్స్ కిందే ఉండేవి. ఇంకా పెద్ద సంగతి మొదటి పేజీలో దొరికింది. యుద్ధం మొదలయ్యాక రెజిమెంట్ తెలియకూడదని భుజం పట్టీల మీద నంబర్లు తీయించేశారు, కాబట్టి చివరి పేజీల్లో ఎంత వెతికినా ఉండవు, ముందు పేజీలో ట్రైనింగ్ నాటి ఫోటోలో మాత్రం 115 అని తేలింది. 115 రెజిమెంట్ 33వ ఇన్‌ఫంట్రీ (కాల్బలం) డివిజన్‌లోది, 1940లో ఆ డివిజన్‌నే 15వ పాంజర్ (ట్యాంకుల) డివిజన్‌గా మార్చారు, ఆఫ్రికాకి పోయింది అదే. చెట్టు బొమ్మకీ నంబరుకీ లెక్క సరిపోయింది, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కలర్ చేసిస్తామంటారు, ఒప్పుకోవద్దు. భుజం పట్టీ అంచు రంగే అతను ఏ విభాగమో చెప్తుంది, తెలుపైతే ఇన్‌ఫంట్రీ, ఎరుపైతే ఆర్టిలరీ (ఫిరంగి దళం), గులాబీ అయితే ట్యాంకులు. కంప్యూటర్ తోచిన రంగు పూస్తే ఉన్నది కూడా పోతుంది. ఫోటో వెనక వైపు కూడా స్కాన్ చేయించుకోండి, పాత జర్మన్ లిపిలో రాతలు ఉంటాయి, దానికి సగం రేటే తీసుకున్నారు.

అతుక్కుపోయిన 11 ఫోటోల్ని బలవంతంగా పీకకుండా పేజీతోనే స్కాన్ చేశారు, అది బాగా నచ్చింది. పార్కింగ్ లేదు, బండి సందులో పెట్టుకోవాల. తాత సొంత ఫోటోలు ఇంకో కవర్‌లో ఉన్నాయి, వచ్చే వారం అవి తీసుకుపోతున్నా.