మోటార్‌హోమ్ ట్యాంకులో ఎంజైమ్ మందు: ఆరేళ్లు వాడాక నా అభిప్రాయం

మోటార్‌హోమ్ (ఇల్లులా ఉండటానికి వీలున్న బండి) టాయిలెట్ ట్యాంకులో నేను ఎంజైమ్ మందు, అంటే మలాన్ని, కాగితాన్ని కరిగించే బాక్టీరియా ఉన్న మందు, వాడటం మొదలుపెట్టి ఆరేళ్లయింది. అంతకు ముందు ఫార్మాల్డిహైడ్ కలిసిన నీలిరంగు ద్రావణం పోసేదాన్ని. అసలు మాట ముందే చెబుతాను. ఈ మందు మంచిదే, ఇకముందూ కొంటాను. కానీ ట్యాంకును కాపాడేది మందు కాదు, నీళ్లు.

ఆ సంగతి నాకు మొదటి ఏడాదే తెలిసొచ్చింది. ఒకేచోట మూడు వారాలు ఆగాం. మురుగు గొట్టం ఎలాగూ తగిలించి ఉంది కదా అని బ్లాక్ ట్యాంకు (టాయిలెట్ మురుగు చేరే ట్యాంకు) వాల్వు తెరిచే ఉంచాను. నీరు ఎప్పటికప్పుడు జారిపోయింది, మలం, కాగితం మాత్రం టాయిలెట్ కిందే కుప్పపడ్డాయి. ఒకరోజు పెడల్ తొక్కితే నీళ్లు దిగలేదు. టార్చి వేసి చూస్తే గొట్టం నోటిదాకా పెరిగిన ముద్ద కనిపించింది, పైభాగం ఎండి బీటలు కూడా వారింది. ఆ మూడు వారాలూ కొలత తప్పకుండా మందు వేస్తూనే ఉన్నాను! తడి లేనిచోట బాక్టీరియా మాత్రం ఏం చేస్తుంది? వాల్వు మూసి, సన్నటి పైపు ముద్ద పక్కనుంచి దించి గోరువెచ్చని నీళ్లు పట్టి, మందు వేసి మూడు రోజులు నానబెట్టాం. తర్వాత గతుకుల దారిలో బండి నడిపితే ఆ కుదుపులకు మిగతాది విడిపోయింది.

అప్పటినుంచి ట్యాంకు మూడింట రెండు వంతులు నిండేదాకా వాల్వు ముట్టుకోను. ఖాళీ చేసిన వెంటనే పదిహేను లీటర్ల నీళ్లు పోసి, ఆ నీళ్లలోనే మందు వేస్తాను. ముందు బ్లాక్ ట్యాంకు, తర్వాత గ్రే ట్యాంకు వదలాలి. గ్రే ట్యాంకులో చేరే స్నానం నీళ్లు, సింకు నీళ్లు వెనకాల వచ్చి గొట్టాన్ని కడిగేస్తాయి. గొట్టం మొదట్లో పారదర్శకమైన మోచేతి మలుపు ఒకటి బిగించుకోండి, మందు కంటే ముందు కొనవలసిన వస్తువు అది. ట్యాంకు లోపల నీళ్లు చిమ్మి కడిగే నాజిల్ తిప్పాక, ఆ మలుపులోంచి చూస్తే ముదురు గోధుమరంగు నీరు పలచని టీ రంగుకు మారుతుంది, ఆ తర్వాత తేటపడుతుంది. ఇక అయిపోయిందనుకునే సమయంలో ఒక్కసారిగా కాగితం ముక్కలు కొట్టుకొస్తాయి. మలుపు లేని రోజుల్లో ఆ ముక్కలన్నీ లోపలే వదిలేసేదాన్నని అప్పుడు అర్థమైంది.

వాసన విషయంలో నీలిరంగు ద్రావణం త్వరగా పనిచేసేది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ దాని ఘాటుకే కళ్లు మండేవి. పైగా ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకం, మనం మురుగు వదిలే చోటి సెప్టిక్ ట్యాంకులో మేలు చేసే బాక్టీరియాను కూడా చంపుతుంది. మనం దింపేసి వెళ్లిపోతాం, తర్వాత ఆ ట్యాంకును నడుపుకోవలసింది వేరొకరు. నేను మారడానికి కారణం అదే. ఎంజైమ్ మందు నెమ్మదిగా పనిచేస్తుంది. చలిలో బాగా మందగించిపోతుంది, మండు వేసవిలో వాసనను పూర్తిగా ఆపలేదు. బ్లీచింగ్ కలిసిన క్లీనర్ వాడితే దాని బాక్టీరియా చచ్చిపోతుంది, అందుకే టాయిలెట్‌ను మామూలు సబ్బుతోనే కడుగుతున్నాను.

ఏ మందూ తీర్చలేని వాసనలూ ఉన్నాయి. పైకప్పు ఫ్యాన్ తిరుగుతుండగా ఫ్లష్ చేస్తే ట్యాంకులోని గాలి గదిలోకి లాగేసుకుంటుంది. ముందు ఫ్యాన్ ఆపండి. టాయిలెట్ గిన్నెలో నీరు నిలవడం లేదంటే రబ్బరు సీలు అరిగిందన్నమాట, దాన్ని మార్చాలి.

ట్యాంకు ఎంత నిండిందో చూపే సెన్సార్లను కూడా ఈ మందు శుభ్రం చేస్తుందని డబ్బా మీద రాశారు. నా బండిలో మాత్రం ఆ మాట నిలబడలేదు. ట్యాంకు గోడకున్న సెన్సార్ మొనలకు కాగితం అంటుకుని, ఖాళీ ట్యాంకు కూడా మూడింట రెండు వంతులు నిండినట్టు చూపేది. నాజిల్‌తో ప్రతిసారీ కడగడం మొదలుపెట్టాకే కాస్త నిజం చెబుతోంది.

గ్రే ట్యాంకులో ఈ మందు తేడా నాకు పెద్దగా కనిపించలేదు. అక్కడి కంపుకు మూలం నూనె, మెతుకులు. కంచాలను కాగితంతో తుడిచి కడిగితే చాలావరకు పోతుంది.

ద్రవం, ప్యాకెట్లు రెండూ వాడాను. ప్రయాణంలో ప్యాకెట్లే మేలు, ఒలికిపోవు. తడి చేత్తో మాత్రం తీయకండి, నీటిలో కరిగే ఆ పైపొర అక్కడికక్కడే వేళ్లకు అంటుకుపోతుంది.