నెల్లూరు నుంచి విమానానికి: వీల్‌చెయిర్ సహాయంపై నా సమీక్ష

వెన్నుపూసకు దెబ్బ తగిలినప్పటి నుంచి చక్రాల కుర్చీలోనే తిరుగుతున్న నేను, ఉద్యోగరీత్యా చెన్నై, రేణిగుంట విమానాశ్రయాల నుంచి తరచుగా ప్రయాణిస్తూ, విమాన సంస్థలు ఇచ్చే వీల్‌చెయిర్ సహాయాన్ని ఏళ్లుగా వాడుకుంటున్నాను. ఈ సేవ నమ్మదగినదే. అయితే మన అవసరం టికెట్టు మీద సరిగ్గా నమోదై ఉంటేనే ఆ నమ్మకం నిలుస్తుంది.

ప్రయాణానికి కనీసం 48 గంటల ముందు విమాన సంస్థకు తెలియజేయాలన్నది నిబంధన. ఆన్‌లైన్‌లో ‘వీల్‌చెయిర్’ అని టిక్కు పెట్టి ఊరుకోకుండా, ఫోన్ చేసి ఏ కోడ్ వేశారో అడగాలి. మెట్లెక్కగలిగినా దూరం నడవలేనివారికి డబ్ల్యూసీహెచ్‌ఆర్, మెట్లెక్కలేకపోయినా లోపల సీటు దాకా నడవగలవారికి డబ్ల్యూసీహెచ్‌ఎస్, నావలె సీటులో కూర్చోబెట్టాల్సినవారికి డబ్ల్యూసీహెచ్‌సీ అని వేస్తారు. మొదటి కోడ్ పడితే సన్నని నడవలో పట్టే కుర్చీ గానీ, ఎయిరోబ్రిడ్జి (టెర్మినల్ నుంచి నేరుగా విమానం తలుపుకు కలిపే వంతెన) లేని చోట పైకెత్తే అంబులిఫ్టు గానీ సిద్ధంగా ఉండకపోవచ్చు. రేణిగుంట నుంచి చిన్న విమానం ఎక్కేవారు ఈ మాట తప్పకుండా అడగాలి.

సీటులోకి జరిగేటప్పుడు నడవ వైపు చేతిపట్టీ పెద్ద అడ్డంకి. చాలా విమానాల్లో ఆ పట్టీ కింద, వెనక కీలు దగ్గర, వేలికి తగిలే చిన్న మీట ఉంటుంది. దాన్ని నొక్కితే పట్టీ పైకి లేస్తుంది. సిబ్బందిలో అందరికీ ఇది తెలియదు కాబట్టి మనమే చూపించాలి. పుండ్లు పడకుండా నా కుర్చీ మెత్తను విమానం సీటు మీద వేయించుకుంటాను.

సొంత కుర్చీని విమానం తలుపు దాకా తీసుకెళ్లి, దిగాక అక్కడే ఇవ్వమని ట్యాగు వేయించుకోవడం మేలు. ఒకసారి నా కుర్చీ ఫుట్‌రెస్టు వంగిపోయి సామాన్ల బెల్టు మీదికి వచ్చింది. ఆ రోజు కలిగిన బాధ చిన్నది కాదు, ఎందుకంటే అది నాకు సామాను కాదు, కాళ్లు. అప్పటి నుంచి అప్పగించే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీస్తున్నాను. దెబ్బతింటే విమానాశ్రయం దాటకముందే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. బ్యాటరీ కుర్చీ వాడేవారు బ్యాటరీ సామర్థ్యం రాసి ఉన్న కాగితం దగ్గర పెట్టుకోవాలి. విడదీసే లిథియం బ్యాటరీకి పరిమితి 300 వాట్-అవర్లు.

అంగవైకల్యం కారణం చూపి ఎక్కించుకోకపోవడం కుదరదని 2022లో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనలను సవరించింది. ఆరోగ్యం చెడుతుందన్న అనుమానం ఉంటే విమానాశ్రయ వైద్యుడు స్వయంగా పరీక్షించాకే నిర్ణయం తీసుకోవాలి. ఆ నిబంధనల ప్రతి ఎప్పుడూ నా ఫోన్‌లో ఉంటుంది.

దిగేటప్పుడు అందరూ దిగాకే మన వంతు వస్తుంది. చెన్నైలో దిగి సెంట్రల్‌లో నెల్లూరు రైలు అందుకోవాలనుకునేవారు ఆ ఆలస్యాన్ని లెక్కలో పెట్టుకుని, ఒక రైలు తర్వాతి రైలుకు టికెట్టు తీసుకోవాలి.