సంతకం అడిగిన రాష్ట్రం, అడగని రాష్ట్రం: హెల్త్ ఇన్ఫర్మేషన్ ఎక్స్ఛేంజ్ మీద నా రివ్యూ

రెస్టారెంటుకీ కారు మెకానిక్‌కీ రివ్యూలు రాస్తారు గానీ దీనికి కూడా రాస్తారా అని మా ఆయన నవ్వాడు. ఎందుకు రాయకూడదు? ఈ సర్వీసుని మేం రెండు రాష్ట్రాల్లో వాడాం, మొదట్లో అయితే వాడుతున్నామని కూడా తెలియదు. ముందు న్యూయార్క్‌లో, క్వీన్స్‌లో ఉన్నప్పుడు. ఆ తర్వాత మేరీలాండ్‌కి మారాక. చేసే పని రెండు చోట్లా ఒకటే, రూల్స్ మాత్రం చొక్కా తిరగేసి తొడుక్కున్నట్టు ఉంటాయి.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. ఒక హాస్పిటల్లో చేసిన రక్తపరీక్ష, ఇంకో డాక్టరు రాసిన మందులు, ఎలర్జీలు, స్కాన్ రిపోర్టులు, ఇవన్నీ మీకు వైద్యం చేస్తున్న వేరే డాక్టరు తన కంప్యూటర్లో చూసుకునేలా కలిపేదే హెల్త్ ఇన్ఫర్మేషన్ ఎక్స్ఛేంజ్. 2009లో వచ్చిన హైటెక్ చట్టం కింద ఫెడరల్ ప్రభుత్వం వీటి కోసం రాష్ట్రాలకి 50 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చింది. డబ్బు ఢిల్లీ నుంచి వచ్చినా పెత్తనం రాష్ట్రాలది అన్నట్టు, పేషెంట్‌ని అడగాలా వద్దా అన్నది ఎవరికి వాళ్ళు తేల్చుకున్నారు. పేషెంట్ల సమాచారం గోప్యంగా ఉంచాలని చెప్పే 1996 నాటి హిపా చట్టం ప్రకారం అయితే వైద్యం కోసం ఒక డాక్టరు ఇంకో డాక్టరుకి రికార్డు ఇవ్వడానికి మన సంతకం అక్కర్లేదు. కాకపోతే హిపా కన్నా గట్టి రూలు రాష్ట్రం పెట్టుకుంటే రాష్ట్రం మాటే నెగ్గుతుంది. గందరగోళం అంతా పుట్టింది ఇక్కడే.

న్యూయార్క్ గట్టి రూలు పెట్టుకున్న రాష్ట్రం. అక్కడి నెట్‌వర్క్ పేరు షిన్-నై. మీ రికార్డు అందులో ఉంటుంది గానీ, ఏ హాస్పిటలైనా దాన్ని తెరిచి చూడాలంటే మామూలుగా మీరు రాతపూర్వకంగా సరే అనాలి, మేం ఉన్నప్పుడు అయితే ఒక్కో సంస్థకి విడివిడిగా అనాల్సి వచ్చేది. ఆ ఫారం నేను చివరి వరకూ చదివాను, మా ఇంట్లో చదివినదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటా. సరే అంటే ఏమేం కనిపిస్తాయో దాచకుండా రాశారు: మద్యం, డ్రగ్స్ సమస్యలు, గర్భనిరోధకాలు, అబార్షన్, జన్యు పరీక్షలు, హెచ్ఐవీ, మానసిక ఆరోగ్యం, సుఖవ్యాధులు. ఇన్సూరెన్స్ కంపెనీలు మీకు కవరేజీ ఇవ్వాలా వద్దా, బిల్లు కట్టాలా వద్దా అని తేల్చుకోవడానికి ఈ అనుమతిని వాడుకోకూడదని కూడా ఉంది. అంతవరకూ మెచ్చుకోవాల్సిందే.

చిక్కంతా కింద ఉన్న గడులతోనే. ఒకటి 'ఒప్పుకుంటున్నాను', ఇంకోటి 'ఒప్పుకోను'. ఏదీ టిక్ చెయ్యకుండా వదిలేస్తే ఎమర్జెన్సీలో మీకు వైద్యం చేసేవాళ్ళు చూడొచ్చు, చట్టమే వీలిస్తుంది. కానీ 'ఒప్పుకోను' అని టిక్ పెట్టారో, ఎమర్జెన్సీలో కూడా చూడడానికి లేదు. అంటే ఆలోచించి వద్దన్నవాడి కన్నా అసలు ఫారమే పట్టించుకోనివాడు మెరుగైన స్థితిలో ఉంటాడన్నమాట.

మా మామయ్యగారు ఆలోచించి వద్దన్నారు. ఆయనకి 72 ఏళ్ళు, గుండెకి స్టెంట్ ఉంది, రక్తం గడ్డకట్టకుండా బ్లడ్ థిన్నర్ వాడతారు, సల్ఫా మందులు పడవు. కంటి చెకప్‌కని హాస్పిటల్‌కి వెళ్తే రిసెప్షన్‌లో అమ్మాయి ట్యాబ్లెట్ చేతికిచ్చి ఇక్కడ సైన్ చెయ్యండి అందట, అదేమిటో ఒక్క ముక్క చెప్పలేదు. ఆయనకి ఊళ్ళో స్నేహితుడు నూరిపోసి పంపాడు, అమెరికాలో ఏ కాగితానికీ ఒప్పుకోవద్దని. ఒప్పుకోలేదు. ఆరు నెలల తర్వాత బాత్‌రూంలో జారిపడి తల గోడకి కొట్టుకుంటే అంబులెన్స్ తీసుకెళ్ళింది అదే హాస్పిటల్‌కి. నేను ఆఫీసులో ఉన్నాను. పక్కన ఉన్నది అత్తయ్యగారు. ఏం మందులు వాడతారని డాక్టర్ అడిగితే ఆవిడ చెప్పింది, పొద్దున తెల్ల మాత్ర, రాత్రి గులాబీ మాత్ర, మధ్యలో సగం మాత్ర. తలకి దెబ్బ తగిలినవాళ్ళు బ్లడ్ థిన్నర్ వాడుతున్నారా లేదా అన్నది ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. రికార్డు చూడండి అని నేను ఫోన్లో అరుస్తుంటే నర్సు నెమ్మదిగా అంది, పేషెంట్ వద్దన్నట్టు ఇక్కడ ఉందండీ, మేం తెరవలేం. చివరికి పక్క అపార్ట్‌మెంట్ ఆవిడని బతిమాలి, మందుల డబ్బా ఫోటోలు తీయించి పంపితే పని జరిగింది. స్కాన్‌లో ఏమీ లేదు, బతికిపోయాం. ఆ ఇరవై నిమిషాల టెన్షన్ మాత్రం మర్చిపోలేను.

తప్పు ఎవరిది? నర్సుది కాదు, రూలు పాటించింది. మామయ్యగారిని అనలేను, గోప్యత కోరుకోవడం నేరం కాదు కదా. నా కోపం అంతా ఆ ట్యాబ్లెట్ ఇచ్చిన తీరు మీద. పేషెంట్‌ని అడిగి తీరాలి అని ఇంత గట్టి రూలు పెట్టుకున్నప్పుడు, అడగడం అంటే ఏమిటో కూడా చూసుకోవాలి. క్యూలో వెనక నలుగురు నిలబడి ఉండగా వేలితో గీకించుకున్న సంతకం ఏ లెక్కన అనుమతి అవుతుంది?

మేరీలాండ్‌లో దీనికి పూర్తిగా ఉల్టా. ఇక్కడి ఎక్స్ఛేంజ్ పేరు క్రిస్ప్. ఎవరూ ఏమీ అడగరు, మీరు అందులో ఉన్నట్టే లెక్క. ఇష్టం లేకపోతే మీరే ఫారం నింపి బయటికి రావాలి. మొదటిసారి డాక్టర్ దగ్గర ఇచ్చే ప్రైవసీ నోటీసులో దీని గురించి ఒక పేరా ఉంది, దాన్ని కూడా నేనే చదివినట్టున్నాను. ఇక్కడికి వచ్చాక మామయ్యగారికి ఒక రాత్రి ఛాతీలో నొప్పి వచ్చి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాం, గ్యాస్ అని తేల్చి తెల్లవారుజామున పంపేశారు. పొద్దున తొమ్మిదిన్నరకల్లా ఫ్యామిలీ డాక్టర్ ఆఫీసు నుంచి ఫోన్, రాత్రి హాస్పిటల్‌కి వెళ్ళారట కదా, ఎలా ఉన్నారు, గురువారం రాగలరా అని. మామయ్యగారు ఫోన్ పెట్టేసి నావైపు అనుమానంగా చూశారు.

"ఏమ్మా, నువ్వు చెప్పావా వీళ్ళకి?"

"లేదు మామయ్యగారూ, నేను ఇంకా కాఫీ కూడా తాగలేదు."

పేషెంట్ హాస్పిటల్లో చేరినా, డిశ్చార్జ్ అయినా అతని డాక్టరుకి కబురు పంపే సదుపాయం క్రిస్ప్‌లో ఉంది. ఈ ఒక్కదానికే ఐదు నక్షత్రాలు ఇచ్చేద్దును.

ఎందుకు ఇవ్వలేదంటే, బయటికి రావాలంటే ఇది వద్దు, అది ఉంచండి అనే వీలు మాకు కనబడలేదు. నా స్నేహితురాలు ఒకామె కౌన్సెలింగ్‌కి వెళ్తోంది. మనవాళ్ళ సంగతి తెలిసిందే కదా, ఆ మాట ఎక్కడ ఎవరి చెవిన పడుతుందో అని ఆమె భయం. ఆ ఒక్క సంగతీ దాచి, షుగర్ రిపోర్టులు కనబడనివ్వాలని ఆమె కోరిక. కుదరలేదు, మొత్తం మూసేసుకుంది. మూసుకున్నా నియంత్రిత మందుల వివరాలు, అంటే గట్టి నొప్పి మాత్రలూ అలాంటివీ, రాష్ట్ర పర్యవేక్షణ కార్యక్రమం కింద డాక్టర్లకి కనిపిస్తూనే ఉంటాయి, ఇది చాలామందికి తెలియదు. ఇంకో సంగతి, కౌన్సెలర్ తన కోసం విడిగా రాసుకునే నోట్స్‌కి హిపాలోనే ప్రత్యేక రక్షణ ఉంది, వాటికి విడిగా అనుమతి తీసుకోవాలి. ఈ మాట ఆమెకి ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఏం చేసేదో.

మిగతా రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళు మీ రూలు మీరు చూసుకోండి, పక్క రాష్ట్రం చుట్టం చెప్పినదాన్ని నమ్మకండి. మినెసోటాలో వైద్యం కోసం రికార్డు పంపడానికి కూడా మామూలుగా పేషెంట్ అనుమతి కావాలి. నార్త్ కరోలినాలో మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్) లాంటి రాష్ట్ర డబ్బు తీసుకునే డాక్టర్లు అక్కడి ఎక్స్ఛేంజ్‌కి కనెక్ట్ అవ్వాలని చట్టమే ఉంది, వద్దనుకుంటే పేషెంట్ బయటికి రావచ్చు. రోడ్ ఐలాండ్ సంతకం పద్ధతితో మొదలుపెట్టి, 2021లో చట్టం మార్చి మేరీలాండ్ దారి పట్టింది. డ్రగ్స్, మద్యం చికిత్సా కేంద్రాల రికార్డులకి ఎక్కడైనా విడిగా ఫెడరల్ రూలు ఉంది, దాన్ని 2024లో కాస్త సడలించారు.

రాష్ట్రం దాటితే ఏమవుతుందంటారా? దేశమంతా కలిపే టెఫ్కా అనే ఏర్పాటు 2023 డిసెంబర్‌లో మొదలైంది. మా మామయ్యగారి న్యూయార్క్ కాగితాలు మాత్రం మేరీలాండ్ డాక్టరుకి ఫ్యాక్స్‌లో వచ్చాయి. అవును, ఫ్యాక్స్‌లోనే, అందులో రెండు పేజీలు నల్లగా.

నా మార్కులు: న్యూయార్క్ పద్ధతికి రెండున్నర, మేరీలాండ్ పద్ధతికి నాలుగు. బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే అడగకుండా కలిపేసే పద్ధతే మేలని నాకు అనుభవం మీద అర్థమైంది. దాచుకోవాల్సిన సంగతులున్న ముప్పై ఏళ్ళవాళ్ళకి న్యూయార్క్ పద్ధతే నచ్చవచ్చు, కాదనను.

మామయ్యగారిని ఒప్పించింది మాత్రం నా వాదన కాదు. మీ రికార్డు ఎవరెవరు తెరిచారో లిస్టు అడగండి అన్నాను, అడిగారు, వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని బ్యాంకు పాస్‌బుక్ చూసినట్టు ఒక్కో లైనూ చూశారు. మూడు పేర్లు తెలిసిన డాక్టర్లవే. నాలుగో దగ్గర వేలు ఆగింది, ఆ మంగళవారం మనం ఎక్కడికీ వెళ్ళలేదే, వీడెవడు అని. డాక్టర్ ఆఫీసుకి ఫోన్ చేస్తే, అపాయింట్‌మెంట్‌కి ముందు మందుల లిస్టు సరిచూసుకున్నాం అన్నారు. "అయితే ముందే చెప్పొచ్చు కదా" అని విసుక్కుని, కాగితం మడిచి పాస్‌పోర్టు ఉన్న కవర్లో పెట్టుకున్నారు. వచ్చే నెల మళ్ళీ అడుగుతారట.