చెప్పులకు ఏ తోలు మేలు: తంగేడు చెక్కదా, క్రోమ్‌దా?

మా తాత లంద, అంటే పచ్చి తోళ్లను పదును చేసే చోటు, ఓరుగల్లు కోటకు దగ్గర్లోనే ఉండేది. ఇప్పుడక్కడ ఇళ్లు లేచాయి. తోలు పని తెలిసిన ఇల్లు కాబట్టి చెప్పులు కొనే ముందు చుట్టాలు, దోస్తులు నన్నే అడుగుతుంటారు: పాత పద్ధతి తోలు కొనాలా, షాపుల్లో దొరికే మెత్తటి క్రోమ్ తోలు చాలా అని.

ఉప్పు పట్టించడం, సున్నపు నీళ్లలో నానబెట్టి వెంట్రుకలు తీయడం రెండింటికీ ఉన్నదే. ఆ తర్వాతే దారి మారుతుంది. తాత తంగేడు చెక్క (బెరడు), కరక్కాయలు దంచి నానబెట్టేవాడు. బర్రె తోలును సంచిలా కుట్టి, దూలానికి వేలాడదీసి, అందులో ఆ నీళ్లు పోసేవాడు. తోలు గుండా ఊరి, బొట్టు బొట్టుగా కింది కుండలో పడేవి. వాటినే మళ్లీ ఎత్తి సంచిలో పోయాలి. వారాల తరబడి రోజూ ఇదే పని. తాత గోళ్లు ఎప్పుడూ ఆ చెక్క రంగులోనే ఉండేవి. మనం బతుకమ్మ పేర్చే తంగేడుదే ఆ బెరడు.

క్రోమ్ పద్ధతి 19వ శతాబ్దం చివర్లో వచ్చింది. క్రోమియం లవణాలు వేసి డ్రమ్ములో తిప్పితే ఒక్క రోజులో తోలు పదునుకొస్తుంది. ఇవాళ ప్రపంచంలో ఎక్కువ తోలు ఇలా తయారైందే. మెత్తన, తేలిక, తడికి తట్టుకుంటుంది.

కిర్రు చెప్పులకు, బెల్టుకు నేను చెక్క తోలే అంటాను. మొదట్లో చెప్పు కరుస్తుంది, నిజమే. ఆముదం రాస్తూ తొడగండి. మడమ, బొటనవేలు ఆనిన చోట గుంట పడి, అది మీ కాలికే అచ్చవుతుంది. అడుగు అరిగితే మళ్లీ వేయించుకోవచ్చు. తడిస్తే మాత్రం నీడనే ఆరబెట్టండి, ఎండలో పెడితే పగులుతుంది. బూట్లకైతే, వానలో బండి మీద తిరిగేవాళ్లకైతే క్రోమే నయం. డప్పుకు ఈ రెండూ పనికిరావు, మేక తోలును పచ్చిగానే బిగిస్తారు.

క్రోమ్ నీళ్లను శుద్ధి చేయకుండా వదిలితే చెరువూ బోరూ రెండూ పాడవుతాయి. అలాగని పాత లంద శుభ్రమైనదని చెప్పను. ఆ సున్నం నీళ్లు, చెక్క నీళ్లు కుంటలో కలిస్తే దానికీ చేటే. వాసన సరేసరి. ఆ వాసన పేరు చెప్పి మా వాడను దూరం పెట్టినవాళ్లే బావి నీళ్లు తోడే మోటకు తోలు తొండం కావాలంటే తాత దగ్గరికి వచ్చేవాళ్లు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

కొనేటప్పుడు పట్టీ కోసిన అంచు చూడండి. లోపలి దాకా గోధుమ రంగుంటే చెక్క తోలు. మధ్యలో నీలం, బూడిద కలిసిన రంగు కనిపిస్తే క్రోమ్. అంచుకు రంగు పూసి ఉంటే అదే తోలు ముక్క ఒకటి కోసి చూపించమనండి. చూపించని చోట నేనైతే కొనను.